ఉద్యోగానికి జీవితంలో ఎంత చోటు ఇవ్వాలి? నాలుగు దారుల పోలిక

‘ఉద్యోగం పురుషలక్షణం’ అన్న మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఈ అర్థంతోనే తప్ప అందులో ఎవరూ కొలువులో చేరినందువల్ల కాదు. తెలుగులో ఆ మాట కాలక్రమేణా నెల జీతం వచ్చే కొలువుకు పేరుగా స్థిరపడింది. మనిషికి పూనిక ఉండాలన్న సామెత మనిషికి జీతం ఉండాలన్న సామెతగా మారిపోయింది. సంబంధం చూడడానికి వచ్చిన వారు మొదట అడిగేది ‘అబ్బాయి ఏం చేస్తున్నాడు’ అని, ఇప్పుడు చాలా ఇళ్లలో ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అని కూడా. జవాబుగా చెప్పే ఆ ఒక్క ముక్కతోనే మనిషి విలువ తేలిపోతున్నప్పుడు, ఉద్యోగం జీవితంలో ఒక భాగమా, లేక జీవితమే ఉద్యోగానికి అనుబంధమా అన్న ప్రశ్న ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురు కాక తప్పదు.

ఆ ప్రశ్నను ‘ఉద్యోగం ఎంత ముఖ్యం’ అని అడిగితే జవాబు దొరకదు. ముఖ్యమేనని అందరూ ఒప్పుకుంటారు, ఎవరి దారిన వారు పోతారు. నేను పద్దెనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తూ, మధ్యలో ఒకసారి మానేసి, మళ్లీ చేరిన మనిషిని. నా మట్టుకు పనికివచ్చిన ప్రశ్న వేరు: నా జీవితంలో ఏయే బరువులను ఈ ఉద్యోగం మీద వేలాడదీశాను, అది తెగితే వాటిలో ఎన్ని కింద పడతాయి? ఈ కొలతతో మన మధ్య సాధారణంగా కనిపించే నాలుగు దారులను పోల్చి చూస్తాను. ఉద్యోగాన్నే జీవితంగా చేసుకోవడం ఒకటి. ఉద్యోగాన్ని ఆధారంగా ఉంచుకొని అసలు పనిని పక్కన చేసుకోవడం రెండవది. గట్టిగా సంపాదించి త్వరగా మానేయడం మూడవది. ఇంటి కోసం కొన్నాళ్లు ఆగిపోవడం నాలుగవది.

జీతం కాక ఉద్యోగం ఇచ్చేవి

ముందుగా, జీతం మాట పక్కన పెట్టినా ఉద్యోగం ఇంకా ఏమేమి ఇస్తుందో తెలియాలి. ఆస్ట్రియాలో వియన్నా సమీపాన మారియెంతాల్ అనే ఊరు మొత్తం ఒకే బట్టల మిల్లు మీద ఆధారపడి బతికేది. ఆర్థిక మాంద్యం వచ్చి ఆ మిల్లు మూతపడినప్పుడు మారీ యహోదా మొదలైన పరిశోధకులు అక్కడికి వెళ్లి 1930ల ఆరంభంలో ఆ ఊరి జీవితాన్ని దగ్గరగా గమనించారు. పని పోయింది కనుక జనానికి తీరిక పెరిగింది. అయినా ఊరి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకువెళ్లడం తగ్గిపోయింది. వీధిలో మగవారి నడక మందగించింది, పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే చెప్పుకోవడానికి వారికి ఏమీ మిగలలేదు. ఆడవారికి మాత్రం ఇంటిపని యథాతథంగా ఉన్నందువల్ల వారి రోజు అంతగా చెదిరిపోలేదు. యహోదా తరువాతి కాలంలో దీనిని విడమరచి చెప్పారు: ఉద్యోగం రోజుకు ఒక క్రమాన్ని, ఇంటి బయటి మనుషులను, పదిమందితో కలిసి సాధించే ప్రయోజనాన్ని, సమాజంలో ఒక గుర్తింపును, చేతికి నిత్యం పనిని ఇస్తుంది, జీతం వీటన్నిటికీ అదనం.

ఇది నాకు ఆస్ట్రియా కంటే ముందు మా ఇంట్లోనే అర్థమయింది. మా నాన్నగారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. పదవీ విరమణ తరువాత బడులు తెరిచిన మొదటి సోమవారం నాడు ఆయన ఎప్పటిలాగే ఎనిమిదింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, జేబులో ఎర్ర సిరా పెన్ను పెట్టుకొని, స్కూటరును గేటు దాకా నడిపించారు. అక్కడ ఆగిపోయారు. వరండాలోంచి అమ్మ ‘ఎక్కడికండీ?’ అని అడిగితే, ‘బండికి దుమ్ము పట్టింది’ అని, భుజం మీది తువాలుతో సీటు తుడవడం మొదలుపెట్టారు. ఆ సీటును ఆయన చాలాసేపు తుడిచారు. పింఛను వస్తోంది, ఇల్లు సొంతం, అప్పులు లేవు. జీతం తాలూకు బరువేదీ తెగలేదు. తెగినవి మిగిలిన నాలుగైదు. అమ్మ మాత్రం ఆ రోజు కూడా ఎప్పటిలాగే దోసెల పిండి రుబ్బుతూనే ఉంది. ఆమె పనికి విరమణ అనేది ఒకటి ఉండాలని మాలో ఎవరికీ అంతకు ముందు తోచలేదు.

కనుక ఉద్యోగం ముఖ్యం కాదని చెప్పేవారి మాటను నేను ఒప్పుకోను. అయితే పై అయిదింటినీ ఉద్యోగమే ఇవ్వాలన్న నియమమూ లేదు. మనిషి తృప్తిని గురించి సుదీర్ఘంగా సాగుతున్న అధ్యయనాలలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో మొదలుపెట్టినది ఒకటి. కళాశాల విద్యార్థులు 268 మంది, బోస్టన్ నగరంలోని పేద పేటల కుర్రవాళ్లు 456 మంది, మొత్తం 724 మందిని వారు ముసలివారయ్యేదాకా అనుసరించింది. వార్ధక్యంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నవారు ఎవరో ముందుగా పసిగట్టడానికి వారి హోదా కంటే ఆత్మీయ సంబంధాల గట్టిదనమే ఎక్కువగా పనికివచ్చింది.

మొదటి దారి: ఉద్యోగమే జీవితం

ఈ దారికి తెలుగువారిలో యెల్లాప్రగడ సుబ్బారావును మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరుకున్నారు. అక్కడ ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. కండరాలకు శక్తి ఎలా అందుతుందన్న విషయం మీద ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పని జీవరసాయనశాస్త్రంలో నిలిచిపోయింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల సంస్థ ప్రయోగశాలలకు మారిన తరువాత ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సరు చికిత్సకు తొలి మెట్లలో ఒకటైన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, ఫైలేరియాకు వాడే హెట్రజాన్ వెలువడ్డాయి. గోదావరి జిల్లాలలో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర ఈ హెట్రజానే. తన ఊరి మనుషుల కాళ్ల వాపుకు ఆయన మందు సముద్రం అవతలి నుంచి వచ్చింది.

ఆయన మాత్రం తిరిగి రాలేదు. కొద్ది ఏళ్లలో వచ్చేస్తానని భార్యను ఇక్కడే ఉంచి వెళ్లిన మనిషి, 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే కన్నుమూశారు. ఆ మధ్య పాతికేళ్లలో వారిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఈ జీవితాన్ని ధన్యమనాలా, దుఃఖభరితమనాలా? నా దృష్టిలో రెండూ నిజమే, ఒకటి రెండవదాన్ని తుడిచివేయదు. ఆ త్యాగానికి దీటుగా నిలబడే పని అక్కడ ఉంది. ఆ ధరలో సగం చెల్లించింది మాత్రం ఇక్కడ ఎదురుచూస్తూ ఉండిపోయిన మరొక మనిషి. ఈ దారిని ఎంచుకునేవారు ముందుగా చూడవలసింది ఇదే: నేను నా కాలాన్ని ఇస్తున్నానా, లేక ఇంట్లో వారి కాలాన్ని కూడా వారిని అడగకుండా ఇచ్చేస్తున్నానా?

పని కోసం జీవితాన్ని ఇవ్వడం వేరు, పదవి కోసం ఇవ్వడం వేరు. రేపు జీతం సగానికి తగ్గినా, మీ పేరు ఎక్కడా కనబడకపోయినా ఈ పని చేస్తారా అని ప్రశ్నించుకోండి. చేస్తాననే జవాబు తడుముకోకుండా వస్తే ఈ దారి మీది. శస్త్రచికిత్స చేసే వైద్యులలో, చేనేతలో కొత్త అల్లికలు సాధించేవారిలో, పొద్దున్నే ప్రయోగశాల తలుపు తీసేవారిలో ఈ జవాబు నేను విన్నాను. సాఫ్ట్‌వేర్ సంస్థలలో వారాంతాలు కూడా పనిచేసే నా స్నేహితులను అడిగితే ఎక్కువమంది కాసేపు మౌనంగా ఉండి, ‘ప్రమోషన్ వచ్చేదాకా’ అన్నారు. అది రెండవ రకం.

ఆరోగ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. గంటలతో పాటు మరొకటి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల మీద మైకేల్ మార్మట్ బృందం దశాబ్దాల పాటు జరిపిన వైట్‌హాల్ అధ్యయనాలలో, తమ పని ఎప్పుడు ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారం తక్కువగా ఉన్నవారికే గుండెజబ్బులు ఎక్కువగా వచ్చినట్టు తేలింది. సుబ్బారావు తన ప్రయోగాలను తానే నిర్దేశించుకున్నారు. రాత్రి పదకొండింటికి వచ్చే ఫోనుకు సమాధానం చెప్పవలసిన మనిషికి ఆ అధికారం లేదు. ఇద్దరూ అన్నే గంటలు పనిచేసినా, చేస్తున్నది ఒకే పని కాదు.

రెండవ దారి: ఉద్యోగం ఆధారం, పని పక్కన

గిడుగు రామమూర్తిని మనం వ్యావహారిక భాషోద్యమకారుడిగా గుర్తు పెట్టుకున్నాము. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. ఆయన ఉద్యోగం ఏమిటని అడిగితే చాలామంది చెప్పలేరు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, 1911లో విరమించేదాకా ఆయన ఉపాధ్యాయుడే. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట విని ఆసక్తి కలిగి, ఆ భాష తెలిసిన వ్యక్తిని ఇంట్లో పెట్టుకొని నేర్చుకొని, సవరలో వాచకాలు రాసి, వారి పిల్లలకు బడులు నడిపించారు. సవర నిఘంటువు, వ్యాకరణం ఆయన చేతి మీదుగానే వచ్చాయి. విరమణ తరువాత మిగిలిన దాదాపు ముప్పై ఏళ్లూ ఆయన భాషోద్యమానికి ఇచ్చారు. కొండల్లో తిరిగి తెచ్చుకున్న విషజ్వరానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోయింది కనుక ఈ దారిలో మూల్యం లేదని అనలేము. అయినా ఆయన బతుకుతెరువును ఉద్యోగం మోసింది, అర్థాన్ని వేరొకటి మోసింది. ఒకటి ముగిసినప్పుడు రెండవది చెక్కుచెదరలేదు.

నేను ఎక్కువమందికి సిఫారసు చేసే దారి ఇదే. అయితే ఇది సాగాలంటే ఉద్యోగానికి ఒక లక్షణం ఉండాలి: అది సాయంత్రాన్ని మిగల్చాలి. జీతాలు పోల్చుకునేటప్పుడు మనం వేయని లెక్క ఒకటి ఇక్కడ వేసి చూపిస్తాను. వారానికి 168 గంటలు. నిద్రకు 56, స్నానపానాలకూ భోజనానికీ ఇంటిపనికీ రోజుకు మూడు చొప్పున 21. ఉప్పల్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు అయితే రానూపోనూ రోజుకు మూడు గంటలు, అయిదు రోజులకు 15. పని 45 గంటలైతే మిగిలేది 31, అంటే రోజుకు నాలుగున్నర గంటలు కూడా పూర్తిగా లేదు. 2023లో ఒక పెద్ద పారిశ్రామికవేత్త కోరినట్టు పని 70 గంటలైతే వారం మొత్తానికి మిగిలేది ఆరు గంటలు. పిల్లలు, తల్లిదండ్రులు, స్నేహితులు, పుస్తకం, నడక అన్నీ ఆ ఆరింటిలోనే సర్దుకోవాలి. అదే 45 గంటల పని ఇంటికి పావుగంట దూరంలో ఉంటే వారానికి 43 గంటలకు పైగా చేతిలో ఉంటాయి. జీతంలో పదివేలు తక్కువైనా ఆఫీసుకు నడిచి వెళ్లగలిగే ఉద్యోగం కొందరికి ఎందుకు లాభసాటో ఈ లెక్క చెబుతుంది.

మన రాష్ట్రాలలో ఈ దారి అనగానే అందరి చూపూ ప్రభుత్వోద్యోగం మీదికి పోతుంది. భద్రత, నిర్ణీత పనివేళలు, సొంత జిల్లాలో ఉండే అవకాశం నిజమైన ఆకర్షణలే. కాకపోతే ఆ ఉద్యోగం వచ్చాక ఎలా ఉంటుందో లెక్క వేసేవారు అది వచ్చేలోపు గడిచే కాలాన్ని లెక్కలోకి తీసుకోరు. తెలంగాణ గ్రూప్-1 విషయమే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది, అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ జరిపిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ అయిన తరువాత ఎంపికైన వారి చేతికి నియామక పత్రాలు 2025 సెప్టెంబరులో అందాయి. మొదటి ప్రకటనకు దరఖాస్తు చేసినవారు మూడున్నర లక్షలకు పైమాటే. చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ గదుల్లో, డీఎస్సీ అభ్యర్థులైతే అవనిగడ్డ హాస్టళ్లలో గడిచిన ఆ ఏళ్లు ఎవరివల్లా తిరిగి రావు.

సన్నద్ధమయ్యేవారిని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. మా నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయులు కాబట్టే నేను చదువుకున్నాను. నా సలహా రెండు విషయాలలో. ప్రయత్నం మొదలుపెట్టే రోజునే గడువు తేదీ నిర్ణయించుకొని ఇంట్లో అందరి ముందూ చెప్పండి, ఎందుకంటే మూడవ ఏట మధ్యలో నిర్ణయించుకునే గడువును ఎవరూ పాటించరు. ఆ కాలంలో చిన్నదైనా ఒక జీతపు పని, కనీసం సాయంత్రం ట్యూషన్లయినా, వదలకండి. మారియెంతాల్‌లో జరిగింది కోచింగ్ గదిలో జరగదని ఏమీ లేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్రోద్యోగులకు పాత పద్ధతి పింఛను వర్తించడం లేదు కనుక, మీ నాన్నగారి పింఛనును చూసి మీ వార్ధక్యాన్ని ఊహించుకోవడం కూడా సరికాదు.

మూడవ దారి: గట్టిగా సంపాదించి త్వరగా మానేయడం

పదిహేనేళ్లు కష్టపడి నలభైకల్లా మానేసి ఊరికి వెళ్లిపోవాలన్న కోరిక హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్‌లలోని తెలుగువారి మధ్య చాలా తరచుగా వినబడుతుంది. కోరికలో తప్పులేదు, లెక్కలోనే పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే చాలన్న సూత్రం ఎక్కువమంది నోట ఉంది. అది అమెరికా మార్కెట్ల చరిత్రను చూసి, ముప్పై ఏళ్ల విశ్రాంత జీవితాన్ని దృష్టిలో పెట్టుకొని వేసిన లెక్క. నెలకు 60 వేల ఖర్చుంటే ఏడాదికి 7 లక్షల 20 వేలు, పాతిక రెట్లంటే కోటీ 80 లక్షలు. నలభైలో మానేసిన మనిషికి ఇంకా నలభై అయిదేళ్లు గడవాలి, మన ధరల పెరుగుదల వేరు. అందువల్ల 35 రెట్లు, అంటే రెండున్నర కోట్లు, నాకు కనీసంగా తోస్తుంది. సొంత ఇల్లు, పిల్లల చదువు దీనికి అదనం.

విదేశీ ఉద్యోగం మీద ఈ పథకం వేసుకునేవారు ఉద్యోగం మీద వేలాడే బరువులను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే హెచ్-1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అక్కడి ఉన్నత పట్టాలున్నవారికి మరో 20 వేలు. వీసా మీద ఉన్న వ్యక్తి ఉద్యోగం పోతే కొత్త యజమాని దొరకడానికి సాధారణంగా ఉండే గడువు 60 రోజులు. ఉపాధి ఆధారిత గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస ఏళ్ల తరబడి కదలదు. అంటే అక్కడ ఉద్యోగం జీతాన్ని మాత్రమే కాక ఇంటి అప్పును, పిల్లల బడిని, భార్యాభర్తలు ఆ దేశంలో ఉండే హక్కును కూడా మోస్తుంది. ఒక్క కొక్కేనికి ఇన్ని తగిలించినప్పుడు ఆ మనిషి తన పై అధికారితో కాదని చెప్పగల శక్తిని కోల్పోతాడు. అక్కడికి వెళ్లవద్దని నేను అనను. వెళ్లినవారు మొదటి రెండేళ్లలో ఇల్లు కొనడానికి తొందరపడకుండా, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుంటే ఆ కొక్కెం మీద కొంత భారం తగ్గుతుంది.

డబ్బు పెరిగితే సంతోషం పెరగదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2010లో మనస్తత్వ శాస్త్రవేత్త కానెమన్, ఆర్థికవేత్త డీటన్ ఏడాదికి 75 వేల డాలర్ల దగ్గర రోజువారీ సంతోషం పెరుగుదల ఆగిపోతుందన్నారు. 2023లో కానెమన్ మరికొందరితో కలిసి ఆ లెక్కను సరిదిద్ది, ఎక్కువమందిలో అది ఆపైన కూడా పెరుగుతూనే ఉంటుందనీ, బాగా దుఃఖంలో ఉన్న కొద్దిమందికే ఒక స్థాయి దాటాక డబ్బు సాయపడదనీ తేల్చారు. కాబట్టి సంపాదించడాన్ని చిన్నచూపు చూడనక్కర లేదు. ఈ దారిలో నాకు కనిపించే లోపం డబ్బుకు సంబంధించినది కాదు. మానేసిన తరువాత చేయవలసిన పనిని ముందుగా మొదలుపెట్టని వారు గేటు దగ్గర స్కూటరు తుడిచే స్థితికి అరవైకి బదులు నలభైలోనే చేరుకుంటారు. ఊరికి వెళ్లి సేద్యం చేయాలనుకుంటే ఇప్పుడే సెలవుల్లో వెళ్లి ఒక పంటకాలం వరి ఊడ్పుల నుంచి కోతల దాకా దగ్గరుండి చూడండి. ఆ తరువాత కూడా కోరిక మిగిలితే అది నిజమైనదే.

నాలుగవ దారి: ఇంటి కోసం ఆగడం

దీనిని ఎంపికగా చెప్పడానికే నాకు కొంత సంకోచం ఉంది, ఎందుకంటే చాలామంది స్త్రీలకు ఇది ఎంపికగా రాదు, ఒక రోజు హఠాత్తుగా వచ్చి పడుతుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2017 సవరణ తరువాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. ఇరవై ఏడవ వారం నుంచి పాప ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు చట్టంలో అందరికీ పనికివచ్చే జవాబు లేదు కనుక, అది ఇంట్లో తేలవలసి వస్తుంది. సాధారణంగా తక్కువ జీతం ఉన్నవారి వైపు తేలుతుంది.

ఆగడం వల్ల జీవితం అసంపూర్ణమైపోతుందని నేను అనుకోను. రెండేళ్లు ఉద్యోగం మాని, మంచాన పడిన మా అమ్మను చూసుకున్న కాలం నా జీవితంలో నేను తిరిగి మార్చుకోదలచని భాగం. ఆ రోజుల్లో నేను పనిచేసిన సంస్థ ఆరు నెలల జీతం లేని సెలవు కూడా ఇవ్వలేదు. రాజీనామా చేసిన రోజునే గుర్తింపు కార్డుతో పాటు అమ్మను చేర్చిన గ్రూపు ఆరోగ్య బీమా కూడా పోయిందని నాకు ఆసుపత్రి కౌంటరు దగ్గర తెలిసింది. అందుకే ఈ దారిలో వెళ్లేవారు తల్లిదండ్రులకు సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోవాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండవచ్చు కనుక, అవసరం వచ్చాక తీసుకునే పాలసీ ఆ అవసరానికి అక్కరకు రాదు. శాశ్వత ఉద్యోగంలో సర్వీసు అయిదేళ్లకు దగ్గరలో ఉంటే గ్రాట్యుటీ వచ్చేదాకా, ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్లకు దగ్గరలో ఉంటే అది నిండేదాకా ఆగగలరేమో చూసుకోవాలి.

ఆగేది భార్య అయితే, ఆమె ఆగినందువల్లే భర్త జీతం నిరాటంకంగా సాగుతోందన్న సంగతి కాగితం మీద కనబడాలి: ఆమె పేరున నెలనెలా పొదుపు, ఇల్లు కొంటే ఇద్దరి పేరున రిజిస్ట్రేషన్, తిరిగి చేరే ఏడాది ఇంచుమించుగా ఎప్పుడన్నది ఇద్దరూ అనుకొని ఉంచుకోవడం. ఇవి లేకుండా ‘నీకు ఉద్యోగం ఎందుకు, నేనున్నానుగా’ అనే మాట ప్రేమతో అన్నదే అయినా, ఒక మనిషి బరువులన్నిటినీ మరొక మనిషి ఉద్యోగానికి తగిలించడమే అవుతుంది.

మీ నిర్ణయం ఎలా తీసుకోవాలి

ఏ దారి మంచిదని ఒకే మాటలో చెప్పమంటే, పనిమీద నిజమైన తపన ఉండి దాని మీద అధికారం కూడా ఉన్న కొద్దిమందికి మొదటిది, మిగిలిన ఎక్కువమందికి రెండవది అంటాను. మూడవది లెక్కలు వచ్చినవారికి, నాలుగవది ఇంట్లో రెండవ మనిషి మాట మీద నిలబడేవారైతేనే. ఇరవై అయిదులో మొదటి దారిలో ఉండి, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నాలుగవదానికి వచ్చి, నలభై అయిదులో రెండవదానిలో స్థిరపడడం కూడా సంపూర్ణంగా గౌరవించదగిన జీవితమే. ఇరవై రెండేళ్ల వయసులో అప్పు తీర్చవలసిన ఇంట్లో పుట్టినవారికి మాత్రం ఈ పోలిక అంతా ఆగవచ్చు. ముందు జీతం, తరువాతే మిగిలిన చర్చ. ఆ మాట దాచి సలహాలు ఇవ్వడం అన్యాయం.

చేతిలో రెండు ఆఫర్లు ఉన్నా, ఉన్న ఉద్యోగం మానాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్నా, ఒక తెల్లకాగితం తీసుకొని ఈ ఉద్యోగానికి తగిలించిన బరువులన్నీ రాయండి: జీతం, అప్పు, బీమా, వీసా, స్నేహితులు, రోజు క్రమం, ఇతరుల దృష్టిలో పేరు, చేతి నైపుణ్యం, రేపటి మీద ఆశ. వీటిలో వేరే ఏ కొక్కెమూ లేనివాటి పక్కన గుర్తు పెట్టండి. గుర్తులు నాలుగు దాటితే, ఉద్యోగం మారే ముందు ఒకటి రెండింటికి వేరే ఆధారం చూసుకోవాలి. మానడమే మీ ఆలోచన అయితే ఇది మరింత అవసరం. తరువాత గడిచిన ఒక వారం గంటలను పైన వేసిన పద్ధతిలో రాసి చూసుకోండి. కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో జీతం మాట అయిపోయాక, ‘మీ జట్టులో వారు మామూలుగా ఎన్నింటికి ఇంటికి వెళతారు? రాత్రి ఫోను వస్తే తీయవలసిన వంతు ఎన్ని వారాలకు ఒకసారి వస్తుంది?’ అని అడగండి. జవాబు కంటే ముందు అవతలి వారు తీసుకునే విరామాన్ని గమనించండి.

మా నాన్నగారి కాగితంలో ‘పిల్లలు’ అన్న మాట పక్కన వేరే కొక్కెం లేదు. మూడు నెలల తరువాత పక్కింటి అబ్బాయి పదవ తరగతి త్రికోణమితి అర్థం కాలేదని వచ్చి వరండాలో కూర్చున్నాడు. మరుసటి వారానికి వాళ్లు నలుగురయ్యారు. ఇప్పుడు సాయంత్రం అయిదున్నరకు మా అరుగు నిండా చెప్పులు ఉంటాయి, ఎర్ర సిరా పెన్ను మళ్లీ జేబులోకి వచ్చింది, పావు తక్కువ ఏడుకు ఆయనే లేచి ‘ఇక చాలు, ఇళ్లకు పొండి’ అంటారు. ఆ తరువాత వంటింట్లోకి వెళ్లి రాత్రి అన్నానికి బియ్యం కడుగుతారు. అమ్మ జబ్బు పడ్డ ఏడాది నుంచి అది ఆయన పని.